సైగలమ్మ మింగిన మాటలు

చిన్నది లేచి వెళ్లి లైటు ఆర్పేసింది.

వేరే ఇళ్లలో కోపం వస్తే తలుపు దభాలున వేస్తారు. ఈ ఇంట్లో లైటు ఆర్పుతారు. చేతులతో మాట్లాడి కళ్లతో వినే మనిషి “ఇక నీతో మాటల్లేవు” అనడానికి అంతకంటే మంచి దారి లేదు. అదే లైటు ఆర్పి వెంటనే వెలిగిస్తే దాని అర్థం వేరు, ఇటు చూడండి, నేను చెప్పాల్సింది ఇంకా ఉంది అని. భోజనాల బల్ల దగ్గర మిగిలిన ముగ్గురూ అది మళ్లీ వెలుగుతుందేమోనని కాసేపు చూశారు. వెలగలేదు.

“ఇప్పుడు చల్లగా ఉందా నీకు?” అంది సైగలమ్మ కూతురితో.

కాలేజీలో అందరూ ఆవిణ్ణి సైగలమ్మ అనే అంటారు. చెల్లెలి కూతురు చిన్నదానికి పుట్టుకతోనే వినపడదు. క్లాసులో మాస్టర్లు చెప్పేది ఆ పిల్లకి చేతులతో చూపించడం, ఆ పిల్ల చేతులతో చెప్పేది పైకి పలకడం ఆవిడ ఉద్యోగం. ఇళ్ల నమూనాలు గీసి కట్టే ఆ చదువులో సైగలమ్మ సొంత కూతురు పెద్దది కూడా అదే క్లాసు.

“నాకు చల్లగా ఎందుకుంటుందమ్మా?” అంది పెద్దది. “రేపు అది కమిటీ ముందు నిలబడి, ఈ కాలేజీలో నన్ను అర్థం చేసుకున్న ఒకే ఒక్క మనిషి డ్రాయింగు మాస్టారు అని చెప్తుంటే నేను వింటూ కూర్చోవాలా? ఆ ప్రసంగం చేతులతో చేసి చూపిస్తుంటే నాకు ముద్ద దిగలేదు. చెప్పేశాను.”

“ఇన్నాళ్లు ఆగినదానివి ఇంకొక్క రోజు ఆగలేకపోయావా?” అన్నాడు కళ్లజోళ్లాయన. సైగలమ్మ మొగుడు. బజార్లో కళ్లజోళ్ల దుకాణం ఆయనది. “రేపు గడిచాక తీరిగ్గా చెప్తే కొంపలేం మునిగిపోయేవి?”

“మునిగేది దాని కొంప నాన్నా. మనది కాదు.”

రేపు బయటి నుంచి ముగ్గురు పెద్దలు వస్తున్నారు. అన్ని రకాల పిల్లలకీ ఈ కాలేజీలో నిజంగా చోటుందో లేదో చూసి పోతారు. ఒకరి మాట ఇంకొకరికి అందించే సైగలమ్మ దుబాసీ ఉద్యోగం వచ్చే ఏడాది ఉండాలో వద్దో వాళ్లు చెప్పేదాన్ని బట్టే. దుబాసీ లేకపోతే చిన్నదానికి ఆఖరి సంవత్సరం లేదు. ఇంట్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, పెద్దదానితో సహా.

“ఆయన దాన్ని మూగబొమ్మ అని పిలిచినప్పుడల్లా క్లాసంతా నవ్వేది,” అంది పెద్దది. “నువ్వు దానికేం చూపించేదానివి? మాస్టారు జోకు వేశారు అని. అది కూడా వాళ్లతో కలిసి నవ్వేది. ఆ నవ్వు చూడలేక నేను పుస్తకంలో తల పెట్టుకునేదాన్ని.”

“అన్నీ చెప్తే మొదటి నెల్లోనే పెట్టె సర్దుకుని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయేది.”

“వెళ్లిపోయేదో, ఆయన్ని కడిగిపారేసేదో. అది దాని ఇష్టం కదా.”

“నువ్వు చెప్పడం తేలికే. వాళ్ల ఈసడింపులన్నీ నా చెవుల్లో పడి, నా చేతుల్లోంచి దాని కళ్లలోకి పోవాలి. నన్ను చూసే కదా అది నవ్వాలో ఏడవాలో తెలుసుకునేది? ఒక్క పూట నా చోట నిలబడి చూడు.” అంది సైగలమ్మ. ఆవిడకి ఆ పిల్లంటే ప్రాణం. చేసిందంతా ఆ ప్రాణంతోనే చేసింది. అదే చిక్కు.

పెద్దది మెల్లగా అంది. “చూశావా. ఇప్పుడు కూడా దాని గురించి దానికి తెలీకుండానే మాట్లాడుకుంటున్నాం. చీకట్లో, మనం ముగ్గురం.”

లేచి వెళ్లి లైటు వేసింది. చిన్నది ఎక్కడికీ వెళ్లలేదు. స్విచ్చి పక్కనే గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

చేతులతో జరిగే పోట్లాట చూడనివాళ్లు అలాంటి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటారు. చేతి గడియారం బల్లకి తగులుతుంది. కుర్చీ కిర్రుమంటుంది. ముక్కుపుటాల్లోంచి ఊపిరి బుసకొడుతుంది. చిన్నది వచ్చి పెద్దమ్మకి ఎదురుగా కూర్చుంది.

“నేను ఇంటి నమూనా కట్టి తీసుకెళ్లిన రోజు,” అంది చేతులతో. “మాస్టారు ఏమన్నారు?”

“అప్పుడే చెప్పాను కదా.”

“గోడలు ఎక్కువయ్యాయి, వెలుతురు చూసుకో. అదేగా నువ్వు చెప్పింది. ఆయన ఏమన్నారు?”

సైగలమ్మ చేతులు బల్ల మీదే ఉండిపోయాయి. పెద్దది తల్లి వైపు చూస్తోంది. తప్పించుకునే వీలు లేదు.

“చెవుల్లేని పిల్ల ఇల్లు కడితే బావిలాగే ఉంటుంది అన్నారు.”

“తర్వాత వెలుతురు సంగతి చెప్పారా?”

“లేదు.”

“అయితే వెలుతురు సంగతి ఎవరిది?”

“నాదే.”

ఆ నమూనాని పడగొట్టి, కిటికీలు పెంచి మళ్లీ కట్టడానికి ఆ పిల్ల ఎన్ని రాత్రులు మేలుకుందో ఇంట్లో అందరికీ గుర్తే. ఆ కొత్త నమూనాకి మంచి మార్కులొచ్చాయి కదా అని సైగలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. చేతుల్లోకి రానివ్వలేదు.

“ఇళ్లు కట్టడం గురించి నీకేం తెలుసు పెద్దమ్మా?” అని అడిగింది చిన్నది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగింది. “రెండేళ్లు చదివాను. అందులో మాస్టారు చెప్పిందెంత, నువ్వు కల్పించిందెంత? నాకు వచ్చినదాంట్లో ఏది చదువో నేను ఎట్లా తేల్చుకోవాలి?”

“పాఠాల్లో ఏమీ మార్చలేదు. ఒట్టు. నిన్ను అన్న మాటల్లోనే.”

“ఒట్టు,” అని ఆ సైగనే తిప్పి చేసింది చిన్నది. చేసి చెయ్యి పక్కకి విదిలించింది.

సైగలమ్మకి ఇది నిన్నా మొన్నా పట్టిన అలవాటు కాదు. చిన్నదాని తల్లికి, అంటే తన చెల్లెలికీ వినపడదు. చిన్నప్పటి నుంచి వీధిలో, దుకాణాల్లో, ఆస్పత్రుల్లో చెల్లెలికి నోరు ఈవిడే. అక్కడ పట్టింది ఆ గుణం. ఎదుటివాడి మాటలో ముల్లుంటే తీసి పారేసి, మెత్తగా చేసి అందించడం. చంటిపిల్లకి చేపలో ముళ్లు తీసి పెట్టినట్టే.

చిన్నది కూడా సరిగ్గా అక్కడికే వచ్చింది.

“అమ్మ మొదటి ఉద్యోగం ప్రెస్సులో. పుస్తకాలు కుట్టే చోట. పని తగ్గిందని తీసేశారని నువ్వే చెప్పావట. అమ్మ ఇప్పటికీ అదే చెప్తుంది.” చిన్నదాని చేతులు నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా కదిలాయి. “నిజంగా పని తగ్గిందా?”

సైగలమ్మ తల వంచుకుంది. వినపడని మనిషితో మాట్లాడుతూ తల వంచుకోవడమంటే వినడం మానేయడమే. చిన్నది చెయ్యి చాచి పెద్దమ్మ గడ్డం పట్టుకుని పైకెత్తింది. కళ్లెత్తి చూసింది గాని సైగలమ్మ చేతులు మాత్రం లేవలేదు.

కళ్లజోళ్లాయన ఉండబట్టలేక చిన్నదాని వైపు చెయ్యి ఊపి, వేళ్లు నోటి దగ్గర పెట్టి ఓ సైగ చేశాడు. “తిన్నావా?”

ఇన్నేళ్ల కాపురంలో ఆయనకి వచ్చిన సైగలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. తిన్నావా, పడుకో, తలుపు వేశావా. ఏం మొదలుపెట్టినా ఆయన సంభాషణ తిన్నావా దగ్గర తేలుతుందని చిన్నది ఎప్పుడూ ఆటపట్టిస్తుంది. ఇవాళ ఆటపట్టించలేదు. తిన్నానని సైగ చేసి, తన గదిలోకి వెళ్లి, అక్కడి లైటు కూడా ఆర్పేసింది.

“నేను వేరే ఏదో అందామనుకున్నాను,” అన్నాడు కళ్లజోళ్లాయన మెల్లగా. “నాకు వచ్చింది అదొక్కటే.”

పొద్దున బస్సులో చిన్నది అక్క పక్కన కూర్చుంది. వెనక సీట్లో సైగలమ్మ. ఆ పిల్ల జడ తప్ప ఆవిడకి ఇంకేమీ కనిపించలేదు. జడతో ఎవరూ మాట్లాడలేరు.

కాలేజీ గేటు దగ్గర చిన్నది ఆగి వెనక్కి తిరిగింది.

“ఇవాళ నేను చెప్పింది చెప్పినట్టు పలుకు. వాళ్లు అన్నది అన్నట్టు చూపించు. అక్క ముందు వరసలో కూర్చుంటుంది.”

“నాకు కాపలాకా?”

“అవును.”

పెద్దది పక్కకి చూసింది. తల్లి మీద కాపలా కూర్చోవడం దానికీ ఇష్టం లేదు. కానీ కూర్చోనని అనలేదు.

వరండాలో ప్రిన్సిపాల్ గారు ఎదురొచ్చారు. మంచాయనే. ఎవరినీ నొప్పించరు, ఎవరినీ సరిగ్గా చూడరు కూడా. “అమ్మాయి తయారేనా అమ్మా?” అని సైగలమ్మని అడిగారు, అమ్మాయి పక్కనే ఉండగా. సైగలమ్మ మామూలుగా అయితే తనే “తయారేనండి” అనేది. ఇవాళ చేతులతో ఆ ప్రశ్న చిన్నదానికి చూపించింది. చిన్నది తలూపింది.

“మంచి మాటలే చెప్తుందిగా?”

అదీ చూపించింది. చిన్నది సైగ చేసింది. సైగలమ్మ పలికింది. “నిజాలు చెప్తానండి.”

“అవే కావాలమ్మా, అవే కావాలి,” అని ప్రిన్సిపాల్ గారు సంబరపడిపోయి చిన్నదానికి బొటనవేలు చూపించి వెళ్లిపోయారు.

హాల్లో తెర మీద కాలేజీ బొమ్మలు వెయ్యడానికి కిటికీలకి మందపాటి పరదాలు దించి, పైన ట్యూబులైట్లు వేశారు. వేదిక మీద “అందరికీ చోటు” అని పెద్ద బ్యానరు. ఆ బ్యానరు కట్టడానికి చిన్నది కూర్చోవాల్సిన కుర్చీని ఓ మూలకి జరిపారు. ఆ మూల నుంచి దుబాసీ చేతులు కనిపించవు. ఈ సంగతి ఎవరికీ తోచలేదు. చిన్నదే ఆ కుర్చీని హాలు మధ్యదాకా లాక్కొచ్చింది. గచ్చు మీద కుర్చీ చేసిన చప్పుడుకి అందరికీ పళ్లు జివ్వుమన్నాయి. ఆ చప్పుడు ఆ పిల్లకి తెలియదు. తెలిసినా లాగేదేమో.

కమిటీలో ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టావిడ. కమిటీ పక్కన ప్రిన్సిపాల్ గారు, ఆయన పక్కన డ్రాయింగు మాస్టారు కొత్త చొక్కాలో, తనని పొగుడుతారన్న సంగతి ముందే తెలిసిన మనిషి కూర్చునే తీరులో కూర్చున్నారు.

దుబాసీ పనికి ఒక కట్టుబాటు ఉంది. మాట్లాడేవాళ్లు నేను అంటే దుబాసీ కూడా నేను అనే పలకాలి. ఆ అమ్మాయి ఇలా అంటోంది అనకూడదు. తన సొంత మాట ఒక్కటీ కలపకూడదు. సైగలమ్మ ఆ కట్టుబాటులో మొదటి సగం ఎన్నడూ తప్పలేదు.

చిన్నది లేచి నిలబడి చేతులెత్తింది.

“నేనొక ప్రసంగం రాసుకున్నాను,” అని పలికింది సైగలమ్మ. “అది ఇప్పుడు చెప్పను. ఇక్కడ అందరూ నాతో ఎంతో మంచిగా ఉంటారని అందులో ఉంది. నిన్నటిదాకా నేనూ అదే నమ్మాను. ఎందుకు నమ్మానంటే...” ముందు వరసలో పెద్దది కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. “ఎందుకు నమ్మానంటే, రెండేళ్లుగా నా దుబాసీ నాకు అబద్ధాలు చెప్పింది.”

ప్రిన్సిపాల్ గారి మొహంలో నవ్వు అలాగే ఉంది, తీసేయడం మరిచిపోయినట్టు.

“ఒక్క నిమిషం,” అంది తెల్లజుట్టావిడ, సైగలమ్మనే చూస్తూ. “దుబాసీ అంటే ఎవరు?”

సైగలమ్మ తనంతట తను జవాబు చెప్పలేదు. ప్రశ్న చేతులతో చిన్నదానికి చూపించింది. చిన్నది వేలు చాచి పెద్దమ్మని చూపించింది.

“ఈవిడే,” అని పలికి సైగలమ్మ తన గుండెల మీద చెయ్యి పెట్టుకుంది.

“ఏం అబద్ధాలు?”

చిన్నదాని చేతులు వేగం అందుకున్నాయి. ఆ వేగంతో పాటే సైగలమ్మ గొంతూ నడిచింది. “నన్ను మూగబొమ్మ అని అంటే జోకు వేశారని చెప్పింది. జట్లు కట్టేటప్పుడు నన్ను ఎవరూ రానివ్వకపోతే, ఒక్కదాన్నే చేస్తే బాగా నేర్చుకుంటానని మాస్టారు అన్నారని చెప్పింది. నేను బాధపడతానని అన్నీ తనే మింగేసింది. నా మీద ప్రేమతోనే చేసింది, నాకు తెలుసు. కానీ ఈవిడ మింగేసినంత కాలం ఇక్కడ మారాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.”

ప్రేమతోనే అన్న మాట దగ్గర సైగలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. తుడుచుకుంటే చెయ్యి కళ్లకి అడ్డొచ్చి ఒక సైగ తప్పిపోతుంది.

డ్రాయింగు మాస్టారు ప్రిన్సిపాల్ గారి వైపు ఒంగారు. “అందుకే మొదట్లోనే చెప్పాను సార్, ఇలాంటివాళ్లని తెచ్చి నెత్తిన పెట్టుకోవద్దని.” గొంతు పెద్దగా తగ్గించలేదు కూడా. రెండేళ్లుగా ఆయనకి తగ్గించాల్సిన పని పడలేదు.

సైగలమ్మ విన్నది. ఆవిడ చేతులు సగం దాకా లేచి గాల్లో ఆగాయి. పెద్దది తల్లినే చూస్తోంది. చిన్నదీ చూస్తోంది, మాస్టారి పెదాలు కదిలాయని ఆ పిల్లకి తెలుసు.

సైగలమ్మ ఆ మాట చూపించింది. ఇలాంటివాళ్లని అన్నదీ, నెత్తిన అన్నదీ, ఆయన మొహంలోని విసుగూ, ఏదీ వదల్లేదు.

చిన్నది పెద్దమ్మ చేతుల మీంచి చూపు తిప్పి, నేరుగా మాస్టారి మొహంలోకి చూసింది.

“మాస్టారూ,” అని పలికింది సైగలమ్మ. “ఈ రెండేళ్లలో మీ మాట నాదాకా రావడం ఇదే మొదటిసారి. జవాబు చెప్పడం కూడా ఇదే మొదటిసారి. నన్ను నెత్తిన పెట్టుకోమని నేను అడగలేదు. నా మొహం చూసి మాట్లాడమంటున్నాను.”

మాస్టారు సైగలమ్మ వైపు తిరిగారు. “అమ్మా, ఆ అమ్మాయికి చెప్పండి...”

“అమ్మాయికే చెప్పండి,” అంది తెల్లజుట్టావిడ.

మాస్టారు చిన్నదాని వైపు చూశారు. కొత్త చొక్కా కాలరు సర్దుకున్నారు.

తెల్లజుట్టావిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. ఇప్పుడు ఆవిడ కూడా చిన్నదాన్నే చూస్తోంది. “వచ్చే ఏడాదికి దుబాసీ ఉండాలని మేము రాస్తాం. కానీ ఈవిడే ఉండాలా, ఇంకొకర్ని చూడమంటారా? అది మీరే చెప్పాలి.”

ఆ ప్రశ్నని సైగలమ్మే చూపించాలి. చూపించింది. ఇంకొకరు అన్న మాటని కూడా వదల్లేదు.

చిన్నది సైగ చేసింది.

“ముందు ఆవిణ్ణి ఒక మాట అడగండి,” అని పలికింది సైగలమ్మ, తన గురించే. “ఇక మీద ఏదీ మింగకుండా చెప్పగలదా అని.”

“సరే,” అంది తెల్లజుట్టావిడ. “చెప్పగలరా?”

చెప్పగలనని అనడం ఎంతసేపు. పిల్ల చదువు నిలబడుతుంది, ఉద్యోగం నిలబడుతుంది, సాయంత్రం ఇంట్లో లైట్లు వెలుగుతాయి. వినేవాళ్లకి ఏది హాయిగా ఉంటుందో ఆ మాట చెప్పడంలో సైగలమ్మకి చెయ్యి తిరిగినంతగా ఎవరికీ తిరగలేదు. ఆవిడ చిన్నదాని వైపు తిరిగింది. పైకి పలుకుతూ, చేతులతో కూడా చూపిస్తూ, ఆ హాల్లో మొదటిసారి తన సొంత మాట చెప్పింది.

“నాకు తెలీదు. ఇందాక మాస్టారి మాట దగ్గర కూడా నా చెయ్యి ఆగింది. నువ్వూ చూశావు.”

చిన్నది పెద్దమ్మ చేతుల మీంచి చూపు ఎత్తి ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత కుర్చీ తప్పించుకుని, వరసల మధ్య నుంచి తలుపు వైపు నడిచింది.

“అమ్మాయి ఎక్కడికమ్మా?” అన్నారు ప్రిన్సిపాల్ గారు, అలవాటు కొద్దీ సైగలమ్మతో.

తలుపు పక్కన స్విచ్చిలున్నాయి. చిన్నది వాటి ముందు ఆగి, చెయ్యి చాచి లైట్లన్నీ ఆర్పేసింది.

పరదాలు దించిన హాలు ఒక్కసారిగా చీకటైపోయింది. కరెంటు పోయిందని ఎవరో అన్నారు. పెద్దది లేచి నిలబడింది. ఆ హాల్లో అంతమంది ఉండగా, ఆ చీకటి అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఆ తల్లీ కూతురూ ఇద్దరే. మాటలు అయిపోయాయో, ఇంకా ఉన్నాయో, లైటు వెలిగితేనే తెలుస్తుంది.

సైగలమ్మ చేతులు దించలేదు. వెలిగితే ముందు అవే కనిపించాలని, అలాగే ఎత్తి పట్టుకుని నిలబడింది.